సమస్యాపూరణం: "చంపినట్టి మగఁడు చావలేదు"

నిర్వహణ:
ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం. మిగతా మూడు పాదాలు మీరు రాసి పద్యం పూరించాలి.

చంపినట్టి మగఁడు చావలేదు

వస్తువు కూడా నేనే ఇస్తున్నాను. అమెరికాలో ఏబీసీ ఛానల్ 1966 జూన్ 27 నుంచి 1971 ఏప్రిల్ 2 దాకా పగటిపూట ప్రసారం చేసిన 'డార్క్ షాడోస్' సీరియల్. 1225 భాగాలు. ఆ పేరు చెప్పగానే అందరికీ రక్తపిశాచి బార్నబస్ గుర్తొస్తాడు. అతను 1967లో గానీ కథలోకి రాలేదు. అప్పటిదాకా కథ బరువు మోసింది ఆ ఇంటి పెద్దదిక్కు ఎలిజబెత్ కాలిన్స్ స్టాడర్డ్. ఆ పాత్ర వేసింది జోన్ బెన్నెట్.

మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో కాలిన్స్‌పోర్ట్ అనే కల్పిత ఊరు, కొండ మీద కాలిన్‌వుడ్ భవనం. ఎలిజబెత్ 18 ఏళ్లుగా ఆ ఇల్లు దాటి బయటికి రాలేదు. పొయ్యి దగ్గరి ఇనుప చువ్వతో భర్త పాల్‌ను కొట్టి చంపానని ఆమె నమ్మకం. భర్త స్నేహితుడు జేసన్ శవాన్ని పెట్టెలో పెట్టి నేలమాళిగలో పాతిపెట్టానన్నాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి ఆ రహస్యంతో బెదిరించి డబ్బు గుంజాడు, చివరికి పెళ్లికే పట్టుబట్టాడు. పెళ్లిపీటల దగ్గర ఆమె అందరి ముందూ నేరం ఒప్పుకుంది. తవ్వి చూస్తే పెట్టెలో శవం లేదు. పాల్ చావనే లేదు.

పొడుపుకథ విప్పితే చాలదు, పద్యంలో ఆ తల్లి కనబడాలి.

మంజీర:
గదికిఁ దాళమేసి కన్నీటఁ దడియుచు
పదియు నెనిమిదేండ్లు బయట పడక
కుందె నెలిజబెత్తు, గుట్టు తా నెఱుఁగదు
చంపినట్టి మగఁడు చావలేదు

నిర్వహణ:
మంజీర గారూ, "బయట పడక" దగ్గర ఆగిపోయాను. గడప దాటకపోవడం, రహస్యం పొక్కనివ్వకపోవడం, రెండూ రెండు మాటల్లో ఇమిడాయి. ఆమె జీవితమంతా అక్కడే ఉంది. "తాళమేసి" మాత్రం వ్యావహారికం, పక్కనే ఉన్న గ్రాంథికంలో కలవదు. "గదికిఁ దాళమిడుచుఁ గన్నీటఁ దడియుచు" అంటే గణాలూ యతీ చెడవు.

పెన్నాతీరం:
పెట్టె తెఱచి చూడఁ బీనుఁగే లేదాయె
జేస నాడినట్టి జిత్తు తెలిసె
పాఱిపోయినాఁడు భార్యను వంచించి
చంపినట్టి మగఁడు చావలేదు

మంజీర:
మొదటి పాదం ఉలిక్కిపడేలా చేసింది తమ్ముడూ. కానీ రెండో పాదంలో ఎవరో పోలీసు వచ్చి మోసం పట్టుకున్నట్టుంది. పట్టుకున్నది ఎవరూ కాదు. ఉరి పడినా సరే అని ఆమె నోరు విప్పబట్టే ఆ పెట్టె తెరిచారు. ఆ తెగువ ఆమెది, పద్యంలో ఆమెకే దక్కాలి. ఇలా మారిస్తే?

పెట్టె తెఱచి చూడఁ బీనుఁగే లేదాయె
తప్పు నొప్పుకొన్న తల్లి యెదుట

నిర్వహణ:
ఈ సవరణతో పద్యానికి ప్రాణం వచ్చింది. చేయని హత్యకు 18 ఏళ్లు తనకు తానే శిక్ష వేసుకున్న మనిషి ఎదుట ఖాళీ పెట్టె!

తూర్పుగాలి:
కడలి యొడ్డు మీఁద పాడుబడ్డ భవంతి
చచ్చినట్టి వారు సంచరింత్రు
తలుపు మూసి యామె తలపోయు భయముతో
"చంపినట్టి మగఁడు చావలేదు"

నిర్వహణ:
రెండో పాదం చాలా బాగుంది. ఆ ఎస్టేట్‌లోని పాత ఇంట్లో నిజంగానే జోసెట్ అనే పూర్వకాలపు స్త్రీ దయ్యం తన పటంలోంచి దిగివస్తుంది. చచ్చినవాళ్లు తిరిగే చోట, తన చేత్తో చంపిన మనిషి కూడా తిరుగుతున్నాడేమో అనే భయం సహజం. మొదటి పాదంలో క–పా యతి కుదరలేదు. పైగా కాలిన్‌వుడ్ పాడుబడ్డ ఇల్లు కాదు, కుటుంబం కాపురముంటున్న ఇల్లు. "కడలి యొడ్డు మీఁదఁ గాలినువుడ్డులో" అంటే రెండు దోషాలూ పోతాయి.

డాలస్ తెలుగు:
మనసు చంపె నతఁడు మగువను విడనాడి
దినము దినము చచ్చెఁ దీగెబోణి
దేశదేశములను దిరుగుచు నుండెను
చంపినట్టి మగఁడు, చావలేదు

పెన్నాతీరం:
అన్నా, నమస్కారం! మేమందరం "చంపబడిన మగడు" అనుకుని రాశాం. మీరు "చంపిన మగడు" అన్నారు. సమస్యలో అక్షరం మారకుండానే హంతకుడు మారిపోయాడు.

మంజీర:
"తీగెబోణి" (తీగలాంటి పడుచు) ఒప్పుకోలేను. పెళ్లీడుకొచ్చిన కూతురున్న తల్లి ఆమె. "దీనురాలు" అనండి.

తూర్పుగాలి:
"దీనురాలు" కూడా వద్దక్కా. చేపలను డబ్బాల్లో నింపే కర్మాగారం, పడవలు, ఇల్లు, అప్పులు తెచ్చే తమ్ముడు రోజర్, తల్లి దగ్గర లేని మేనల్లుడు డేవిడ్ – అన్నీ ఆ నాలుగు గోడల మధ్య నుంచే నడిపింది. జోన్ బెన్నెట్ నడకలోనే ఆ దర్జా ఉంటుంది. "దినము దినము చచ్చె దిట్టయయ్యు" అంటే ఎలా ఉంటుంది?

నిర్వహణ:
అదే ఉంచుదాం. చాతకాని మనిషి కుమిలిపోతే జాలి కలుగుతుంది. ఇంతమందిని మోయగల మనిషి లోపల రోజూ చస్తూ ఉంటే, అది విషాదం. ఈ వారం మేలైన పూరణ ఇదే.

ఆటవెలది అభిమాని:
ఆలస్యంగా నాదీ ఒకటి. 1967లో జేసన్ వేషం వేసిన డెన్నిస్ పాట్రిక్కే 1969లో పాల్‌గా వచ్చాడు.

వేష మొకటి చచ్చె వేషమింకొకటాయె
జేసనైన నటుఁడె చేరె మఱల
వాఁడె పతిగ వచ్చి వాకిట నిలుచుండె
చంపినట్టి మగఁడు చావలేదు

నిర్వహణ:
యతులు చక్కగా పడ్డాయి. ఎలిజబెత్ ఇందులో పేరుకైనా లేదు కాబట్టి మొదటి స్థానం ఇవ్వలేను. అయినా పీడించినవాడూ వంచించినవాడూ ఒకే ముఖంతో ఆమె వాకిట నిలబడటం మూడో పాదంలో చక్కగా అమరింది. "వాకిట" బదులు ఆమె కంటబడేలా ఏదైనా మాట దొరికితే మళ్లీ రాసి పంపండి, చూస్తాను.