ఆటోపైలట్ "రిడండెన్సీ"ని తెలుగులో ఏమనాలి? పునరుక్తి మాత్రం కాదు

విమానాల ఆటోపైలట్ గురించి రాసేటప్పుడు రిడండెన్సీకి, అంటే ఒకటి పాడైనా పని ఆగకుండా ఒకే పనికి ఒకటికి మించి పెట్టుకోవడానికి, ఏ మాట వాడాలని గ్రూపులో అడిగారు కదా. నిఘంటువుల్లో పునరుక్తి, అధికం, అనవసరం లాంటివి కనపడతాయి, ఇవేవీ ఇక్కడ పనికిరావు. పునరుక్తి మనకి కావ్యదోషం, తీసేస్తే పోయేదేమీ లేదు. విమానంలో రెండో ఆటోపైలట్ తీసేస్తే పొగమంచులో దిగడమే కష్టమైపోతుంది. "అదనపు ఆటోపైలట్" అని రాస్తుంటారు, అదీ సరికాదు, డిక్కీలో పెట్టిన స్టెప్నీ లాగా మొదటిది పాడయ్యేదాకా ఖాళీగా పడుంటుందేమో అనిపిస్తుంది.

అసలు జరిగేది చూడండి. బోయింగ్ 757, 767ల్లో ఆటోపైలట్లు మూడు. ఆటోమేటిక్‌గా దిగేటప్పుడు మూడూ కలిసి పనిచేస్తాయి, ఒక్కోదానికి కరెంటు వేరే చోటి నుంచి, హైడ్రాలిక్ ఒత్తిడి కూడా వేరే లైన్ నుంచి వస్తుంది, నేలకి 1500 అడుగుల ఎత్తులో అన్నీ బాగుంటే పైలట్ ముందు "ల్యాండ్ 3" అని పడుతుంది. అప్పుడు ఒకటి తేడాగా లెక్కేసినా మిగతా రెండూ ఒకే మాట మీద ఉంటాయి కాబట్టి తేడా దాన్ని పక్కన పెట్టి విమానాన్ని దించేస్తాయి, దీన్నే ఫెయిల్ ఆపరేషనల్ అంటారు. "ల్యాండ్ 2" అని పడితే కథ వేరు. రెండింటికీ మాట కుదరకపోతే ఎవరిది తప్పో తేల్చేవాళ్ళు లేరు, అందుకని విమానాన్ని ఎటూ గుంజకుండా రెండూ తప్పుకుని పైలట్‌కి అప్పజెప్పేస్తాయి, అది ఫెయిల్ పాసివ్. రెండుకీ మూడుకీ ఇంత తేడా ఉంది! లండన్ పొగమంచులో దిగడం కోసం 1960ల్లో బ్రిటన్‌లో చేసిన ట్రైడెంట్ విమానం ఆటోపైలట్‌కి మూడు ఛానళ్ళు, అంటే విడివిడిగా లెక్కేసే మూడు భాగాలు, పెట్టింది ఇందుకే.

నేననేది "తోడు" అని. తోడు ఆటోపైలట్, తోడు కంప్యూటర్. తోడున్నవాడు పక్కనే ఉండి చూస్తుంటాడు, దారి తప్పితే చెప్తాడు.

వ్యాఖ్య: తోడు మాట బావుందండీ. కానీ ప్రయాణం మొత్తం అన్నీ కలిసే నడుపుతాయా? పైన ఎగిరేటప్పుడు ఒకటే ఆన్‌లో ఉంటుందని విన్నాను. ఎయిర్‌బస్‌లో అయితే ఉన్నవే రెండు కదా, మరి అది ఫెయిల్ ఆపరేషనల్ ఎలా అయింది?

జవాబు: మీరు విన్నది నిజమేనండీ. ఏ320లో మామూలుగా ఒకటే ఎంగేజ్ అవుతుంది, రెండూ కలిసేది ఐఎల్ఎస్ (రన్‌వే దగ్గర నుంచి దారి చూపే రేడియో సంకేతాలు) పట్టుకుని దిగేటప్పుడే, అప్పుడు పైలట్ ముందు "క్యాట్ 3 డ్యూయల్" అని వస్తుంది, అంటే దాదాపు ఏమీ కనపడని పొగమంచులో దిగడానికి రెండూ సిద్ధమని. ఇక రెండే ఉంటే ఎలా అన్నారు, మంచి ప్రశ్న. ఒక్కో కంప్యూటర్ లోపల మళ్ళీ రెండు భాగాలున్నాయి, ఒకటి ఆజ్ఞ ఇచ్చేది, ఇంకోటి దాన్ని కాపలా కాసేది. లోపల ఆ రెండింటికీ లెక్క కలవకపోతే ఆ కంప్యూటరే తనంతట తాను తప్పుకుంటుంది, రెండోది కొనసాగిస్తుంది. అంటే తోడులో తోడు. ఆ విమానంలోనే రెక్కల మీదా తోక మీదా ఉండే పలకల్ని కదిలించే ఎలాక్, సెక్ అనే కంప్యూటర్లని వేర్వేరు కంపెనీల చేత చేయించారు, ప్రాసెసర్లు వేరు, సాఫ్ట్‌వేర్ కూడా వేరు, ఒకే పొరపాటు అన్నింట్లోనూ దూరకుండా.

ఇది చూస్తే నాకు ఆమ్రేడితం గుర్తొస్తుంది. పగలు పగలు కలిస్తే పట్టపగలు, చివర చివర కలిస్తే చిట్టచివర. రెండుసార్లు అన్నదే, అయినా మొదటిది రూపం మార్చుకుంటుంది, మాటకి బలం వస్తుంది, దోషమని ఎవరూ అనరు.

వ్యాఖ్య: అయితే మూడుంటే ఇక ఢోకా లేనట్టేనా?

జవాబు: లేదండీ, అవి నిజంగా విడివిడిగా ఉంటేనే. 2008 నవంబర్ 27న ఫ్రాన్స్‌లో పెర్పిన్యాన్ దగ్గర ఒక ఏ320 టెస్ట్ ఫ్లైట్‌లో సముద్రంలో పడి ఏడుగురూ చనిపోయారు. గాలి ఏ కోణంలో తగులుతోందో చెప్పే సెన్సర్లు మూడుంటే, అంతకుముందు విమానం కడిగినప్పుడు రెండింట్లోకి నీళ్ళు పోయాయి, పైకెళ్ళాక గడ్డకట్టి రెండూ ఒకే కోణంలో బిగుసుకుపోయాయి. రెండూ ఒకటే చెప్తున్నాయి కాబట్టి సరిగ్గా పనిచేస్తున్న మూడోదాన్ని కంప్యూటర్లు పక్కన పెట్టేశాయి. ఇది ఆటోపైలట్ లోపం కాదు గానీ ఓటింగ్ సూత్రం, అంటే ఎక్కువ వాటి మాటే నిజమనుకోవడం, ఒకటే. తోడు అనే మాటలో ఈ "విడివిడిగా" అన్న భాగం రావట్లేదు, స్వతంత్ర తోడు అంటే బరువుగా ఉంది. ఇంతకంటే తేలిక మాట ఎవరికైనా తడితే రాయండి.