గ్లాస్టన్‌బరీ రూరల్ లైఫ్ మ్యూజియం: అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

గోదారోడు
అమ్మానాన్న వచ్చే నెల బ్రిస్టల్ వస్తున్నారు. పోయినసారి కోటలు, చర్చిలు తిప్పితే నాన్నకు మొహం మొత్తింది. గ్లాస్టన్‌బరీలో సోమర్‌సెట్ రూరల్ లైఫ్ మ్యూజియం ఉందట కదా, వ్యవసాయం చేసిన మనిషికి నచ్చుతుందా?

పాలమూరు పిల్ల
తప్పకుండా తీసుకెళ్లండి. అది మ్యూజియం కోసం కట్టింది కాదు, నిజంగా సేద్యం జరిగిన చోటు. విక్టోరియా కాలపు రైతు ఇల్లు, పశువుల కొట్టాలు, వాటన్నిటినీ మించి 14వ శతాబ్దపు రాతి ధాన్యపు కొట్టు. మా మామయ్య మిగతావన్నీ వదిలేసి అందులోనే తల పైకెత్తి నిలబడిపోయారు. వంపు తిరిగిన దుంగలను జతలుగా చేర్చి, రెండు వరుసలుగా లేపిన పైకప్పు అది. పైన కప్పింది రాతి పలకలు. "ఇంత బరువుకి మధ్యలో ఒక్క స్తంభమూ లేదేంటమ్మా" అని ఒకటే ఆశ్చర్యం. బయట గోడల మీద నలుగురు సువార్తికుల (బైబిల్లో ఏసు కథ రాసినవాళ్ల) గుర్తులు చెక్కి ఉంటాయి, వాటిలో ఎద్దు ఒకటి. ఆయన కన్ను ఎద్దు మీదే.

సెవర్న్ ఒడ్డు
దాన్ని చాలామంది టైత్ బార్న్ అంటారు, అంటే చర్చికిచ్చే పదో వంతు పంట దాచే చోటని. అది కాదు. గ్లాస్టన్‌బరీ అబ్బే, అంటే అక్కడి క్రైస్తవ సన్యాసుల మఠం, సొంత పొలాల గోధుమలు, రై ధాన్యం, గొర్రెల ఉన్ని అందులో పెట్టేవారు. నూర్పిడీ అక్కడే. 1539లో రాజు ఎనిమిదో హెన్రీ మనుషులు అబ్బేను మూయించి, చివరి మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ను ఊరి పక్కనున్న టోర్ గుట్ట మీద ఉరి తీశారు. అబ్బే శిథిలమైంది గానీ కొట్టు 20వ శతాబ్దం దాకా రైతు పనికే వాడారు. మ్యూజియాన్ని బాగుచేసి 2017లో మళ్లీ తెరిచారు.

మా నాన్నకు బాగా పట్టింది సైడర్ (ఆపిల్ రసంతో చేసే మద్యం) సంగతి. ఆ ప్రాంతంలో కూలీలకు జీతంలో కొంత సైడర్ రూపంలో ఇచ్చేవారు, 1887 చట్టంతో అది ఆగింది. "మనం పాలేరుకి గింజలు కొలిచాం, వీళ్లు ఏకంగా మందే పోశారు" అని ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

లండన్ లక్ష్మి
నా మాట వేరు. ఇదొక్కదాని కోసం లండన్ నుంచి రావక్కర్లేదు. అబ్బే శిథిలాలు కూడా కలిపితే రోజు సరిపోతుంది. చిన్నపిల్లలుంటే లేబుళ్లు చదవనివ్వరు!

గోదారోడు
నాన్నకు మోకాళ్ల నొప్పులు. టోర్ కూడా ఎక్కించాలా?

సెవర్న్ ఒడ్డు
వద్దు, అంతా ఎక్కుడే. కింద నుంచి చూస్తే చాలు. ఇంకోటి, ఆ కొట్టును పెళ్లిళ్లకు అద్దెకిస్తారు. వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

చెన్నై చుట్టిల్లు
ఇండియాలో ఉన్నవాళ్లు చెన్నై పక్కన ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర చూడండి, దక్షిణాది పాత ఇళ్ల మ్యూజియం అది, 1996లో తెరిచారు. మట్టి గోడల చుట్టిల్లూ, మగ్గాలతో ఇక్కత్ నేతగాళ్ల ఇల్లూ ఉన్నాయి. కాకపోతే అక్కడి పాత ఇళ్లు చాలావరకు వేరే ఊళ్ల నుంచి విప్పి తెచ్చి మళ్లీ కట్టినవి.

పాలమూరు పిల్ల
మా అత్తమ్మకు దక్షిణచిత్రే ఎక్కువ నచ్చింది. అక్కడ వంటింటి ముందు నుంచి కదల్లేదు.