నూరియా లోయ, మధ్యయుగపు ఊళ్లు: ఒక్కరోజు చాలునా?

ప్రశ్న: అమ్మానాన్నలతో బార్సిలోనా వెళ్తున్నాము. పిరనీస్ కొండల్లోని నూరియా మాత (మరియమాత) క్షేత్రాన్నీ, బెసాలూ, కేరాల్బ్స్ వంటి పాత ఊళ్లనూ ఒక్కరోజులో చూడవచ్చునా? అమ్మకు మోకాళ్ల నొప్పులు.

మొదటి జవాబు: నూరియాకు నిశ్చింతగా వెళ్లండి. లోయలోకి కార్ల దారి లేదు. కింద ఉన్న రీబెస్ ఊరి నుంచి 1931లో మొదలైన పళ్లపట్టాల రైలు (పట్టాల మధ్య పళ్లను పట్టుకుని కొండెక్కే రైలు) 12.5 కిలోమీటర్ల దూరంలోనే వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి, 1,964 మీటర్ల ఎత్తున సరస్సు పక్కనే దింపుతుంది కనుక అమ్మగారికి ఎక్కే శ్రమ ఉండదు. సంతానం కోరే స్త్రీలు క్షేత్రంలోని కుండలో తల ఉంచి గంట మోగిస్తారు. మా ఊరి గుళ్లలో కట్టే ఉయ్యాలలు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

రెండవ జవాబు: బెసాలూను మరో రోజుకు ఉంచుకోండి, 12వ శతాబ్దపు వంతెన హడావుడిగా చూసేది కాదు. తిరుగుదారిలో రైలు కేరాల్బ్స్‌లో ఆగుతుంది. రాతి ఇళ్ల మధ్య వీధులు నిటారుగా ఉంటాయి, అమ్మగారిని నెమ్మదిగా నడిపించండి.