గోల్ఫ్ కోర్సుకు సర్కారు భూమి, సర్కారు సొమ్ము, నీళ్లు: ఇవ్వొచ్చా?

మూసీగట్టు:
హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల మా వైపు సర్కారు భూమిలో "అందరి కోసం" పద్దెనిమిది గుంతల (బంతి పడే హోల్స్) గోల్ఫ్ కోర్సు వస్తుందని ఊరంతా ఒకటే మాట. జాగా ప్రభుత్వానిది, రోడ్డూ పైపులైనూ ప్రభుత్వమే వేస్తుంది, నడిపేది మాత్రం ప్రైవేటు వాళ్లట. కాగితం ఇంకా బయటికి రాలేదు. వచ్చాక మొత్తుకుంటే "ఇన్నాళ్లు ఏం చేశారు" అంటారు, అందుకే ఇప్పుడే పెడుతున్నా. నేనైతే వద్దంటా. 2024 ఎండల్లో నాగార్జునసాగర్ అడుగంటి జలమండలి అత్యవసర పంపింగ్ పెట్టుకుంది. ట్యాంకర్ బుక్ చేసి ఎప్పుడొస్తుందో తెలియక గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఇక్కడే ఉన్నారు. అలాంటి ఊళ్లో గడ్డికి నీళ్లా?

తొమ్మిదోగుంత:
మొదలెట్టారు! గోల్ఫ్ అనగానే డబ్బున్నోళ్ల ఆట అని ముద్ర. క్రికెట్ గ్రౌండుకు నీళ్లు పట్టరా? పార్కుకు పట్టరా? మన గోల్ఫర్ అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, ఒక్క మెట్టు తేడాలో పతకం పోయింది. బెంగళూరులో చిన్నప్పుడే ఆమెకు ఆడేచోటు దొరికింది. మన దగ్గర ఆటో డ్రైవర్ కూతురికి గోల్ఫ్ మీద మనసైతే ఎక్కడికి పోవాలి? క్లబ్బు గేటు దాటనివ్వరు. గేటు లేని కోర్సు కావాలంటే అది ప్రభుత్వమే కట్టాలి. నీళ్లంటారా, కొత్త కోర్సుకు శుద్ధి చేసిన మురుగు నీళ్లే వాడొచ్చు. తాగే నీళ్లు ఎవడడిగాడు?

బోరుపాయింటు:
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. అరుచుకునే ముందు లెక్క చూడండి.
వానల్లేని రోజుల్లో గడ్డికి సగటున రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుందాం. ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంటే ఎకరానికి 20 వేల లీటర్లు. నీళ్లు పట్టే గడ్డి 100 ఎకరాలైతే రోజుకు 20 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 400. జలమండలి ఒక్కో ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చేది 20 వేల లీటర్లు కాబట్టి, దాదాపు 3,000 ఇళ్ల కోటా.
ఇక రెండో వైపు. ఏడాదిలో 240 రోజులు పట్టారనుకుంటే 48 కోట్ల లీటర్లు. అదే 100 ఎకరాల్లో యాసంగి వరి వేస్తే ఎంత తక్కువన్నా 1,200 మిల్లీమీటర్లు కావాలి, అదీ దాదాపు 48 కోట్లే. ఒక టీఎంసీలో రెండు శాతం కూడా లేదు. గోల్ఫ్ వచ్చి ఊరి నీళ్లన్నీ తాగేస్తుందని పోస్టర్లేస్తే లెక్క తెలిసిన వాడెవడూ ఒప్పుకోడు. వరి తిండి పెడుతుంది, అది వేరే మాట.

మూసీగట్టు:
వేరే మాటెలా అవుతుంది సార్? అసలు మాటే అది.
పైగా శుద్ధి చేసిన నీళ్లంటే ఎవరికీ పట్టనివి అన్నట్టు మాట్లాడుతున్నారు. పీర్జాదిగూడ దగ్గర్నుంచి మూసీ వెంబడే ఒకసారి నడవండి. పారాగడ్డి కోసి, మోపులు కట్టి, ట్రాలీ ఆటోల్లో పాడి గేదెలకు పంపేవాళ్లు కనిపిస్తారు. ఇంకా కిందికి పోతే కత్వల (చిన్న ఆనకట్టల) మీద వరి. ఆ పొలాలన్నీ మన మురుగు మీదే బతుకుతున్నాయి.

బోరుపాయింటు:
మూసీ రైతు సంగతి నిజమే, కానీ ఈ కోర్సు వల్ల వాళ్ల నీళ్లు తగ్గవు. నగరంలో రోజుకు పుట్టే మురుగు సర్కారు లెక్కలో 1,950 ఎంఎల్‌డీ. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు, కోర్సుకు కావాల్సింది 2.
నా భయం వేరే. ఎస్టీపీలు, అంటే మురుగు శుద్ధి కేంద్రాలు, పల్లంలో కడతారు, మురుగు అటే పారుతుంది కాబట్టి. కొండలూ బండలూ ఉన్న మెరక చూసి గోల్ఫ్‌కు ఇస్తారు. అంటే పైపు, పంపు, కరెంటు. ఆ ఖర్చు ఎవరి పద్దులో పడుతుంది? రెండోది, గ్రీన్ అంటారే, గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి. దాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు, కింద అంతా ఇసుక. ఏప్రిల్ ఎండలో ఎస్టీపీ మోటారు కాలిపోతే రెండు రోజులు ఆగదది. అప్పుడు మేనేజరు వెళ్లి నొక్కేది బోరు స్టార్టరే. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, బోరుకు అనుమతి కావాలంటుంది. అనుమతి కాగితం మీద ఉంటుంది, బోరు చెట్ల చాటున ఉంటుంది.

తొమ్మిదోగుంత:
సర్, అందుకు మీటరు పెట్టించండి, ఆటను ఆపడం దేనికి? కోర్సంతా పచ్చగా ఉండాలనేది టీవీ చూసి నేర్చుకున్న పిచ్చి. ఫెయిర్‌వేలో, అంటే గ్రీన్ దాకా సాగే పొడవాటి గడ్డి పట్టీలో, వేసే బెర్ముడా మన గరికే, చేలో పీకి గట్టున పారేస్తాం చూడండి, అదే. ఎండాకాలం గోధుమరంగుకు తిరిగినా చావదు, తొలకరికి లేస్తుంది. పాత రోజుల్లో మన దేశంలో చాలాచోట్ల గ్రీన్లే లేవు, ఇసుకలో నూనె కలిపి చదును చేసి దాని మీదే ఆడేవారు. గ్రీన్లకు, టీలకు (మొదటి బంతి కొట్టే చోట్లకు) మాత్రమే పడితే 100 ఎకరాల లెక్క పదికి దిగుతుంది.

ఫ్రిస్కోతెలుగోడు:
టెక్సస్ నుంచి ఒక మాట. మా ఫ్రిస్కోలో 2023లో పీజీఏ (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం) వాళ్ల రెండు పద్దెనిమిది గుంతల కోర్సులు తెరిచారు. నగరం, దాని అభివృద్ధి కార్పొరేషన్లు, స్కూల్ డిస్ట్రిక్టు కలిసి 3.5 కోట్ల డాలర్ల దాకా పెట్టడానికి ఒప్పుకున్నాయి. పేరుకు అది మున్సిపల్ కోర్సు, ఎవరైనా ఆడొచ్చు. ఒక్క రౌండుకు 200 డాలర్లు దాటితే ఆ "ఎవరైనా" ఎవరో మీరే ఊహించుకోండి. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లలో ఆడేవాడు ఒక్కడు కనపడలేదు. ఇళ్ల రేట్లు పెరిగాయని సంబరపడేవాళ్లు మాత్రం బోలెడు. న్యాయంగా చెప్పాలంటే స్కూల్ గోల్ఫ్ జట్లకూ అక్కడ చోటిచ్చారు, అది మంచిదే.

పాతపేపర్లు:
ఫ్రిస్కో దాకా ఎందుకన్నా, గచ్చిబౌలి లేదా? ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ, దుబాయ్ రియల్ ఎస్టేట్ కంపెనీ ఎమ్మార్ ఒప్పందం: మొత్తం 535 ఎకరాలు, అందులో గోల్ఫ్‌కు 235, 66 ఏళ్ల లీజు, ప్రభుత్వానికి స్థూల ఆదాయంలో 2 శాతం. తర్వాత ఏపీఐఐసీ వాటా కరిగిపోవడం, విల్లా ప్లాట్ల అమ్మకం ధరలు, 2011లో సీబీఐ కేసు, అన్నీ పేపర్లలో చదివినవే. అందులో ఎవరిది తప్పో కోర్టు తేల్చాలి. నాకు కనపడేది ఇంతే: గోల్ఫ్‌లో డబ్బు ఫీజుల నుంచి రాదు, బాల్కనీలోంచి గోల్ఫ్ కనపడే ఇంటి నుంచి వస్తుంది. గడ్డి ఖర్చు జనం మీద, ఆ చూపు ధర బిల్డర్‌కు.
గోల్కొండ నయా ఖిలాలోనూ చూడండి. లోపల పెద్ద బావోబాబ్ చెట్టుంది, హాథియాన్ కా ఝాడ్ అంటారు, నాలుగు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. కాపాడాల్సిన కోట గోడల మధ్యే గోల్ఫ్ మైదానం. చెట్టు చూద్దామని పిల్లల్ని తీసుకెళ్తే సెక్యూరిటీని బతిమాలాల్సి వచ్చింది. ఆడేవాళ్లు కోరుకునేదే ఖాళీ జాగా. నడిచేవాళ్లు వస్తే బంతి తగులుతుందని గేటు పెట్టక తప్పదు. అందుకే "గేటు లేని గోల్ఫ్" అన్న మాట నమ్మను, తొమ్మిదోగుంత గారు ఏమీ అనుకోవద్దు.

తొమ్మిదోగుంత:
అనుకోను. బంతి తగులుతుందన్నది నిజమే. సరే, పద్దెనిమిది గుంతలు వదిలేద్దాం. డ్రైవింగ్ రేంజ్, అంటే ఒకే చోట నిలబడి బంతి కొట్టడం సాధన చేసే మైదానం, పక్కన చిన్న తొమ్మిది గుంతలు. రేంజ్ ఒక్కటే అయితే 15 ఎకరాల్లో తేలిపోతుంది, దానికి వల కడతారు కాబట్టి చుట్టూ జనం తిరగొచ్చు. ప్రభుత్వ బడి పిల్లలకు వారంలో రెండు సాయంత్రాలు ఉచితం. లీజు 66 ఏళ్లు కాదు, పదేళ్లు. దీనికైనా ఒప్పుకుంటారా, ఇదీ వద్దేనా?

బోరుపాయింటు:
బోరు లేదని కాదు, బోరే వేయకూడదని ఒప్పందంలో రాయాలి. శుద్ధి నీళ్ల మీటరు రీడింగు నెలనెలా గేటు మీద బోర్డులో రాయాలి. ఎస్టీపీ ఆగితే గడ్డి ఎండాలి, మళ్లీ నాటుకోవచ్చు. ఆ మాటకు సంతకం పెట్టే గుత్తేదారు దొరికితే నేను అడ్డం చెప్పను.

మూసీగట్టు:
రేంజ్ అయితే నాకూ పేచీ లేదు, మా బాబుని నేనే తీసుకొస్తా. కానీ 15 ఎకరాలకు ఎవరూ ఇంత హడావుడి చేయరు సార్. మొన్న ఆ జాగా వైపు బండి మీద వెళ్తే, సర్కారు బండరాళ్లకు ఆనుకుని ఉన్న పట్టా భూములన్నిటికీ కొత్త ప్రీకాస్ట్ గోడలు, గోడ మీద ఫోన్ నంబరు. భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో ఆ సర్వే నంబర్లు కొట్టి, రెండేళ్లలో చేతులు ఎన్నిసార్లు మారాయో ఎవరైనా చూసి పెట్టండి. ప్రతిపాదన ఫైలు కోసం సమాచార హక్కు దరఖాస్తు నేను వేస్తున్నా. ఎకరాలు, లీజు, నీటి కనెక్షను, ఈ మూడే అడుగుతున్నా. ఇంకేమైనా కలపాలంటే రేపు సాయంత్రం లోపు చెప్పండి.