సమస్యాపూరణం: తప్పు పెరిగిన కొలఁది సత్యమ్ము తెలియు

నిర్వాహకుడు, విజయనగరం:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. పూరణ గణాంకశాస్త్ర చరిత్రలోంచే రావాలి. పాపం పండాక జ్ఞానోదయమైందనే పూరణలు ఈ పాదానికి ఇట్టే దొరుకుతాయి, అవి వద్దు.

పాలకొండ సభ్యుడు:
చుక్క యునికినిఁ గొలువంగఁ జూపు తప్పు
నొకరి దెక్కువ తక్కువ యొకరి కొలఁత
కూడి భాగింపఁ దొలఁగునుఁ గొఱఁతలన్ని
తప్పు పెరిగిన కొలఁది సత్యమ్ము తెలియు

నిర్వాహకుడు:
మాస్టారూ, ధార చక్కగా ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు గుండెకాయనే పట్టుకున్నారు. కొలతలన్నీ కలిపితే తప్పులూ కలిసి పెరుగుతాయని మహా గణితవేత్త ఆయిలర్ అంతటివాడే 1749లో జంకాడు. మరుసటి ఏడాది జర్మన్ ఖగోళవేత్త టోబియాస్ మేయర్ చంద్రుడి మీది ఒక బిలాన్ని మళ్లీ మళ్లీ కొలిచి, వచ్చిన 27 సమీకరణాలను తొమ్మిదేసి చొప్పున మూడు గుంపులు చేసి కలిపేశాడు. తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని అతని ధీమా. తప్పుల వర్గాల మొత్తం అన్నిటికన్నా తక్కువయ్యేలా జవాబు ఎంచే కనిష్ఠ వర్గాల పద్ధతిని 1805లో ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ అచ్చువేశాడు; దానికి బాట అక్కడే పడింది.

‘కొఱఁతలన్ని’ మాత్రం ఒప్పుకోలేను. సగటులోని పొరపాటు సగానికి తగ్గాలంటే కొలతలు నాలుగింతలు కావాలి; పూర్తిగా ఎన్నటికీ పోదు. ‘గొఱఁత కొంత’ అనండి. గణాలూ యతీ చెడవు, మాటా నిజమవుతుంది.

ఆమదాలవలస సభ్యుడు:
నాకు సమస్యతోనే పేచీ ఉంది, అందుకే ప్రశ్నగా పూరించాను.

లక్షలుగ వచ్చెఁ జీటీలు, లాభమేమి?
కలిమి గలవారి గడపలే కలియఁదిరుగ
నొక్క వైపునె మొగ్గిన, నోయి! యెట్లు
తప్పు పెరిగిన కొలఁది సత్యమ్ము తెలియు?

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముచ్చట ఇది. లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోను పుస్తకాల్లోంచీ కార్ల రిజిస్టర్లలోంచీ పేర్లు ఏరి, ఓటు ఎవరికని అడుగుతూ కోటి చీటీలు పంపింది. సుమారు 24 లక్షలు తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని చాటింది. రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నది ఎవరికి? పైగా జవాబు రాసినవాళ్లు వేరు, రాయనివాళ్లు వేరు.

నిర్వాహకుడు:
కాకువుతో సమస్యను ఎదురు తిప్పడం నాకు బాగా నచ్చింది. ‘కలియఁదిరుగ’ అన్న క్రియ దగ్గర ఇల్లిల్లూ కనిపించింది. అటూ ఇటూ చెదిరే తప్పు సగటులో కరుగుతుంది, ఒకే వైపుకు ఒరిగిన తప్పు ఎన్ని లక్షలు పోగేసినా అలాగే ఉండిపోతుంది.

బొబ్బిలి సభ్యురాలు:
జనుప చేలనుఁ గొలువంగ జట్లు రెండు
వేఱువేఱుగఁ బంపెను పండితుండు
రెండు లెక్కల తేడాయె రీతిఁ జెప్పఁ
దప్పు పెరిగిన కొలఁది సత్యమ్ము తెలియు

నిర్వాహకుడు:
అమ్మా, రెండో పాదంలో గణాలు కుదిరాయి, యతి తప్పింది. ‘వే’కు ‘ప’ చెల్లదు. ‘విజ్ఞుఁడతఁడు’ అంటే సరి. కానీ ఆ విజ్ఞుడెవరో పద్యంలో లేదు, చదివేవాళ్లకు అందదు.

బొబ్బిలి సభ్యురాలు:
మహలనోబిస్ గారండీ. 1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించి, ఆ దశాబ్దంలోనే బెంగాల్ జనుము (జూట్) విస్తీర్ణం సర్వే మొదలుపెట్టారు. ఒకే ప్రాంతానికి రెండు నమూనాలు తీసి రెండు జట్లకు అప్పగించేవారు. జట్ల లెక్కలు బాగా తేడా వస్తే ఎక్కడో కొలత చెడిందని వెంటనే తెలిసిపోయేది. గోగునారా జూట్ మిల్లులూ ఎరిగిన మన వైపు వాళ్లకు ఇది దగ్గరి కథ. వరిలో పంటకోత ప్రయోగం చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. అయిదు మీటర్ల చదరానికి నాలుగు మూలలా మేకులు దిగేసి, తాడు బిగించి, లోపలి పంట కోసి, నూర్చి, తూస్తారు. చదరం ఎక్కడ పడాలో యాదృచ్ఛిక సంఖ్య చెప్పాలి. బాగా విరగపండిన చోటు చూసి మేకు కొడితే జిల్లా దిగుబడే అబద్ధమవుతుంది.

నిర్వాహకుడు:
ఈ వివరణ పద్యం కన్నా బలంగా ఉందమ్మా. ఆ మేకులూ తాడుతోనే సీసం కట్టి, సమస్యను ఎత్తుగీతి చివర పెట్టండి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావు గారిని ఇంకా ఎవరూ తలవలేదు. పక్షపాతం లేని, అంటే ఒకే వైపుకు ఒరగని అంచనా ఎంత నేర్పుగా కట్టినా, నమూనా మారినప్పుడల్లా దానిలో వచ్చే ఊగిసలాట ఒక హద్దుకు దిగువకు రాదని 1945లో నిరూపించారు. ఈ పాదానికి అంతకన్నా బిగువైన పూరణ నాకు తోచడం లేదు. రేపు సాయంత్రం దాకా పద్యాలు తీసుకుంటాను.