గుడి కప్పు మీది బొమ్మలు తీసేదానికి చిన్న కెమెరా ఏది కొనల్ల?

జమ్మలమడుగు టీచర్:
అందరికీ నమస్తే. గవర్నమెంట్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. విజయనగర కాలం పాఠం వచ్చినప్పుడు పిల్లోళ్లకు ప్రొజెక్టర్ మీద ఫోటోలు చూపిస్తా. గండికోట మాకు పక్కనే కాబట్టి అందరూ చూసినారు, లేపాక్షి దాకా పోయినోళ్లు మాత్రం క్లాసులో ఇద్దరో ముగ్గురో. పోయిన నెల నేనే పోయి కప్పు మీది బొమ్మలు ఫోన్లో తీసుకొచ్చినా, ఫోన్లో చూస్తే బాగానే ఉన్నాయి గానీ గోడ మీద పెద్దగా వేసేసరికి మొఖాలన్నీ అలికేసినట్టు అయిపోయినాయి, చీరల మీద డిజైన్లు చూడండిరా అంటే వాళ్లకేమీ కనపడల్యా. శానా బాధేసింది.

హ్యాండ్ బ్యాగులో పట్టే కెమెరా కావల్ల, లెన్సులు మార్చే పెద్దది నేను మోయలేను. బడ్జెట్ 30 వేలు. ప్రొద్దుటూర్లో ఒక షాపులో అడిగితే 40 ఎక్స్ జూము, 20 మెగాపిక్సెల్, దీన్ని మించింది లేదు మేడం అన్నారు. తీసుకోనా?

అనంతపురం కుర్రోడు:
మేడం కొంచెం ఆగండి. మీ పనికి జూము కాదు, సెన్సార్ (కెమెరా లోపల వెలుతురును పట్టే చిప్పు) సైజు చూడల్ల. ఆ 40 ఎక్స్ రకం కెమెరాల్లో ఉండేది 1/2.3 అంగుళం సెన్సార్, అంటే సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, మంచి ఫోన్లలో దానికంటే పెద్దవే వస్తాండాయి ఇప్పుడు. ఒక అంగుళం సెన్సార్ అనేది 13.2 × 8.8, వైశాల్యం నాలుగింతలు. మెగాపిక్సెల్ రెండింట్లోనూ 20 ఉండొచ్చు, చీకట్లో తేడా మాత్రం మొఖం మీదే తెలిసిపోతుంది.

రెండోది లెన్సు. ఎఫ్ పక్కన నంబరు ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికొస్తుంది. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3 (2014లో వచ్చింది) ఎఫ్ 1.8 నుంచి 2.8, జూము 24-70 మిల్లీమీటర్లు (సుమారు 3 ఎక్స్) మాత్రమే, బరువు 290 గ్రాములు. క్యానన్ జీ7ఎక్స్ మార్క్ 2 (2016) కూడా ఎఫ్ 1.8-2.8, అది 24-100 దాకా పోతాది. మీ బడ్జెట్లో కొత్తవి కష్టం, సెకండ్ హ్యాండ్ చూడండి.

లేపాక్షి జిల్లాల లెక్కలో ఇప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇంకా మా ఊరి గుడే, ఎన్నిసార్లు పోయింటానో. అక్కడ నేను చేసేది చెప్తా. ఫ్లాష్ ఆపేయండి, ఆ రంగులు 16వ శతాబ్దానివి. ట్రైపాడ్ తీస్తే అడ్డుకుంటారు, దాని అవసరం కూడా లేదు, మండపంలో నేల మీద మడత పెట్టిన తువ్వాలు పరిచి కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టండి, ఐఎస్ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలనే సెట్టింగు) 125, షట్టర్ (వెలుతురు లోపలికొచ్చే టైము) అర సెకను, 2 సెకన్ల టైమర్ పెట్టి బటన్ నొక్కి చెయ్యి తీసేయండి. చెయ్యి వణుకు ఉండదు కాబట్టి గీతలన్నీ తేటగా వస్తాయి. జనం లేని పొద్దున పూట పోండి.

కర్నూలు పక్షి:
తమ్ముడు చెప్పింది గుడికి కరెక్టే గానీ జూమ్ కెమెరాను అంత తీసిపారేయొద్దు. నా దగ్గర ఆ 40 ఎక్స్ రకమే ఉంది, రోళ్లపాడు గడ్డిమైదానాల్లో పక్షులు తీసేదానికి 24-70 ఏం పనికొస్తాది? తాడిపత్రి గోపురం పైన ఉండే శిల్పాలకు కూడా జూమే దిక్కు, ఎండ బాగా ఉంటే బాగానే తీస్తాది. అయితే దాన్నే బెలుం గుహల్లోకి తీసుకుపోతే మా పిల్లల ఫోటో ఒక్కటి కూడా సరిగా రాలేదు, జూమ్ చేసేకొద్దీ ఎఫ్ 6.9కి పోతుంది, ఇంక వెలుతురు యాడిది. మేడంకి గుడి లోపలే ముఖ్యం కాబట్టి తమ్ముడి మాటే వినండి.

జమ్మలమడుగు టీచర్:
ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ శానా థ్యాంక్స్. కానీ సెకండ్ హ్యాండ్ అంటే భయంగా ఉంది, ఏం చూడల్ల?

కడప రిపేరు:
అక్కా, ఇరవై ఏండ్లుగా ఇదే పనిలో ఉండా. మన సీమలో దుమ్ము ఎక్కువ, ఈ చిన్న కెమెరాల్లో లెన్సు బయటికొచ్చి లోపలికి పోయేటప్పుడు దుమ్మును లోపలికి లాగుతుంది, సెన్సార్ మీద కూర్చుంటే మీరు తుడుచుకోలేరు, మొత్తం విప్పల్ల. అందుకే ఎఫ్ 11 పెట్టి తెల్ల గోడనో ఆకాశాన్నో తీయమనండి, కంప్యూటర్లో పెద్దగా చేసి చూడండి, బూడిద రంగు మచ్చలు అవే చోట ప్రతి ఫోటోలో ఉంటే వద్దు. లెన్సును పదిసార్లు ఆన్ ఆఫ్ చేయండి, గరగరమని శబ్దం వస్తే అదీ వద్దు. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. బిల్లు లేకుంటే తీసుకోవద్దు. కొన్నాక జిప్ కవర్లో పెట్టుకోండి, ఎండాకాలం కార్లో మాత్రం వదలొద్దు.

జమ్మలమడుగు టీచర్:
సరే అన్నా, ఇవన్నీ కాగితం మీద రాసుకున్నా. అనంతపురంలో ఒకరు మార్క్ 3 అమ్ముతున్నారంట, బిల్లు కూడా ఉందంట, ఆదివారం పోయి తెల్లగోడ ఫోటోలు తీసి చూస్తా. బాగుంటే అట్నుంచే లేపాక్షికి పోతా, తువ్వాలు బ్యాగులో పెట్టేసినా.