హాథార్న్ నవలల్లో పూర్వీకుల పాపం ఎంత, సొంత జీవితం ఎంత?

ప్రశ్న:
అమెరికన్ నవలాకారుడు నథానియల్ హాథార్న్ (1804–1864) రాసిన 'ద స్కార్లెట్ లెటర్', 'ద హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్' ఇటీవల వరుసగా చదివాను. 1692లో అమెరికాలోని సేలం పట్టణంలో మంత్రగత్తెలన్న ఆరోపణతో 19 మందిని ఉరితీయించిన న్యాయమూర్తులలో ఆయన ముత్తాతకు తండ్రి జాన్ హాథార్న్ ఒకడని, ఆ మచ్చ పోవాలనే రచయిత తన ఇంటిపేరులో డబ్ల్యూ చేర్చుకున్నాడని చాలామంది అంటారు. (తెలుగులో రాస్తే పాత పేరూ కొత్త పేరూ ఒకటేలా కనిపించడం వేరే తమాషా.) ఆ వంశచరిత్ర తెలియకుండా చదివితే ఈ నవలల్లో మనం నిజంగా ఏమైనా కోల్పోతామా?

మొదటి జవాబు:
రెండవ నవల విషయంలో తప్పక కోల్పోతాము. ఉరికంబం దగ్గర సారా గుడ్ అనే స్త్రీ, నికొలస్ నోయిస్ అనే మతబోధకుడితో, నా ప్రాణం తీస్తే దేవుడు నీకు రక్తం తాగిస్తాడని అన్నట్లు చెబుతారు. హాథార్న్ ఆ శాపాన్ని తీసుకొని, నేలకోసం మాథ్యూ మాల్‌ను ఉరికి పంపిన కల్నల్ పించన్ మీదికి మళ్ళించాడు. ఆ నేలమీద కట్టిన ఇంటి గృహప్రవేశం నాడే కల్నల్ నెత్తుటి మరకలతో కుర్చీలో చచ్చి కనిపిస్తాడు. చరిత్రలో మతావేశంగా కనిపించేదాన్ని నవలలో భూదాహంగా మార్చడమే నాకు అసలు విశేషంగా తోస్తుంది, ఎందుకంటే ఆవేశం ఒక తరంతో చల్లారవచ్చు గాని, అన్యాయంగా సంపాదించిన ఇల్లు మాత్రం వారసులకు దక్కుతూనే ఉంటుంది.

రెండవ జవాబు:
వంశం మాటను కాదనను గాని, మొదటి నవలకు అదొక్కటే చాలదు. 1846లో సేలం కస్టమ్స్ కార్యాలయంలో దొరికిన ఉద్యోగం, ప్రభుత్వం మారడంతో 1849లో పోయింది. అదే ఏడాది జూలైలో తల్లి మరణించింది. ఆ వెంటనే రాసిన పుస్తకం 1850 మార్చిలో వెలువడింది. ఆ నవల నాయికలా నలుగురిలో నిలబడి అవమానం పొందడం ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడు కొంత సొంతంగానే తెలిసి ఉంటుంది. అలాగని అంతా ఆ ఏటి దుఃఖమే అనడానికీ లేదు: ఆ నాయికలాగే వ్యభిచారానికి శిక్షగా రొమ్ముమీద 'ఎ' అక్షరం ధరించిన స్త్రీ అంతకు పదేళ్లకు పైగా ముందే, 'ఎండికాట్ అండ్ ది రెడ్ క్రాస్' అనే కథలో ఒక్క క్షణం కనిపించి వెళ్ళిపోతుంది.

మొదటి జవాబుదారు మళ్ళీ:
ఆ కథను నేను మరచాను, ఒప్పుకుంటున్నాను. అయినా మొదటి నవల పీఠికలో ఆయనే పూర్వీకులను పిలిచి ఎదుట నిలబెట్టుకున్నాడు కదా. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారిని హింసించిన పూర్వీకుడినీ, అతని కొడుకైన న్యాయమూర్తినీ తలచుకొని, వారి తరఫున ఆ సిగ్గును తాను భరిస్తానంటాడు. అదే పీఠికలో, కథలు రాసుకునే ఈ పనికిమాలినవాడు మా వంశంలో ఎలా పుట్టాడని వాళ్ళు ఈసడించుకోవడాన్నీ ఊహించుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు:
ఆ పీఠిక విసుగనిపించి నేను దాటేశాను. ముందు ఎండికాట్ కథ చదివి, తర్వాత దాని దగ్గరికి వెళ్తాను.